నీలగిరులలో అస్తమించిన గణితవేత్త - అబ్రహాం వాల్డ్

మన కోయంబత్తూరు వారికి నీలగిరులు నిత్యము కంటబడు కొండలు. వేసవి వచ్చినంతనే ఉదకమండలపు చల్లదనమును, కూనూరు తేయాకును, కోటగిరి తోటలను తలచుకొనుచుందుము. ఆ కొండల ఈశాన్యపు కొసన, కోటగిరికి ఆవల, రంగస్వామి శిఖరమును, దాని చెంత నిటారుగా నిలిచిన శిలాస్తంభమును కలవు. ఇరుళ జాతివారికి అది పూజాస్థానము. 1950వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన బొంబాయి నగరపు శాంతాక్రజ్ నుండి బయలుదేరిన ఎయిర్ ఇండియా డకోటా విమానమొకటి ఆ ప్రాంతమున కొండకు కొట్టుకొని కూలిపోయెను. అందున్న 21 మందిలో ఒక్కరును బ్రతుకలేదు. ఆ విమానము దిగవలసిన చోటు, మన తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్న పీలమేడు.

మృతులలో అమెరికానుండి వచ్చిన దంపతులు ఇద్దరుండిరి. భర్త పేరు అబ్రహాం వాల్డ్. అప్పటికి ఆయన వయస్సు 48 సంవత్సరములు. గణాంకశాస్త్రములో ఆ కాలపు మహామేధావులలో ఒకడుగా ఆయనను ప్రపంచము గుర్తించియుండెను. మన గడప దాక వచ్చి, గడపలో అడుగుపెట్టకమునుపే మరణించిన ఆ అతిథి చరిత్రను ఈ ఉగాది సంచికలో స్మరించుట సముచితము. ఇంకొక కారణమును కలదు. తిరిగి వచ్చిన విమానములను చూచి తిరిగిరాని విమానముల సంగతి తెలిసికొను ఉపాయమును లోకమునకు చూపినవాడు ఆయనయే. ఆ ఉపాయము విమానములకే గాక, పుట్టిన చోటు విడిచి వచ్చిన మనవంటి వారికి కూడ పనికివచ్చునది.

వాల్డ్ 1902వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ట్రాన్సిల్వేనియాలోని కొలోజ్వార్ పట్టణమున జన్మించెను. అప్పుడది ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యములోనిది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అది రుమేనియా దేశమునకు చెందినది. నేడు దానిని క్లూజ్ అందురు. ఆ బాలుడు ఊరు కదలకయే దేశము మారినది! వారిది ఆచారపరాయణులగు యూదుల కుటుంబము. తాత మతగురువు. తండ్రి రొట్టెల దుకాణము నడుపుచు సంసారమును పోషించుచుండెను.

యూదులకు శనివారము విశ్రాంతి దినము. ఆచారము పాటించువారు ఆనాడు కలము పట్టి వ్రాయుటకూడ చేయరు. అచ్చటి పాఠశాలలు మాత్రము శనివారమును జరుగుచుండెడివి. అందుచేత వాల్డ్ బడికి పోక ఇంటనే చదువుకొనెను. తలిదండ్రులును, అన్నలును ఆయనకు గురువులైరి. మన పూర్వులలో ఎందరో వీధి అరుగుపైననే అక్షరములు దిద్దుకొని పండితులైనట్లే, ఆయనయు ఇంటి చదువుతోనే విశ్వవిద్యాలయమునకు యోగ్యుడయ్యెను. స్వస్థలమందలి విశ్వవిద్యాలయమున గణితము చదివెను. హిల్బర్టు అను జర్మను గణితవేత్త రచించిన జ్యామితి గ్రంథమును ఎవరి సహాయమును లేకయే చదివి, అందలి మూలసూత్రములకు సవరణలు సూచింపగల స్థితికి వచ్చెను.

పై చదువులకై ఆయన వియన్నా చేరెను. అచ్చట కార్ల్ మెంగర్ అను ఆచార్యుడు ఈ యువకుని ప్రజ్ఞను వెంటనే గుర్తించెను. వాల్డ్ 1931లో డాక్టరు పట్టము పొందెను. పట్టము లభించినదిగాని ఉద్యోగము లభింపలేదు. విదేశీయుడు, పైగా యూదుడు. ఆనాటి ఆస్ట్రియాలో అట్టివానికి విశ్వవిద్యాలయములో స్థానము దొరకుట అసాధ్యమై యుండెను. మెంగర్ తన శిష్యుని దుఃస్థితి చూచి, కార్ల్ ష్లెసింగర్ అను బ్యాంకరుకు గణితము నేర్పు పని ఏర్పాటు చేసెను. ధనికునకు పాఠము చెప్పి పొట్టపోసికొనుట చిన్నతనమని వాల్డ్ భావింపలేదు. ఆ శిష్యునకు అర్థశాస్త్రముపై మక్కువ యెక్కువ. గురుశిష్యుల సంభాషణలనుండి ఒక గొప్ప ప్రశ్న పుట్టినది. బజారులో వేలకొలది సరకులు, వేలకొలది కొనువారు, అమ్మువారు ఉండగా, అందరి అవసరములును ఒక్కసారిగా సరిపడు ధరలు అసలు ఉండునా? ఉండునని అర్థశాస్త్రజ్ఞులు నమ్ముచుండిరే గాని గణితరీత్యా నిరూపించినవారు లేరు. కొన్ని నియమములకు లోబడి అట్టి ధరలు ఉండితీరునని వాల్డ్ నిరూపించెను. తరువాత ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ నడుపుచున్న వ్యాపార పరిశోధనా సంస్థలో ఆయనకు చిన్న ఉద్యోగము లభించెను. ఋతువులనుబట్టి అంకెలు పెరుగుచు తరుగుచు నుండగా అసలు మార్పును ఎట్లు వేరుపరుపవలయునో చెప్పు గ్రంథమును 1936లో ప్రకటించెను.

1938 మార్చిలో హిట్లరు సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించెను. ఆ సమయముననే ష్లెసింగర్ ఆత్మహత్య చేసికొనెను. వాల్డ్ ఉద్యోగము పోయెను. వియన్నా యూదులకు ప్రాణభయము పట్టుకొనెను. అదృష్టవశమున, అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున కౌల్స్ కమిషన్ అను అర్థశాస్త్ర సంస్థ ఆయనను ఆహ్వానించెను. ఆ యేటి వేసవిలో వాల్డ్ సముద్రము దాటెను. అది ఆయన ప్రాణములను నిలిపిన ప్రయాణము. స్వదేశమున మిగిలిన తలిదండ్రులు, తోబుట్టువులు దాదాపు అందరును తరువాతి కాలమున ఆష్విట్జ్ మారణశిబిరమున హతులైరి. ఒక్క సోదరుడు మాత్రము బ్రతికి బయటపడి అమెరికా చేరగలిగెను.

హంగేరియను భాష నడుమ పుట్టి, రుమేనియా ప్రభుత్వము క్రింద చదివి, జర్మను భాషలో పట్టము పొంది, చివరకు ఇంగ్లీషులో గ్రంథములు వ్రాసినవాడాయన. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, కచ్చేరిలో మరియొక భాషగా బ్రతుకు నడుపుకొను మనకు ఆ ప్రయాస ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

అమెరికా చేరిన కొలదికాలమునకే ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వచ్చెను. అచ్చట హెరాల్డ్ హోటలింగ్ అను ఆచార్యుని సాన్నిధ్యమున గణాంకశాస్త్రమును శ్రద్ధగా అభ్యసించెను. 36వ యేట క్రొత్త శాస్త్రమున ప్రవేశించి, పదేండ్లలో దాని రూపమునే మార్చివేయుట సామాన్య విషయము కాదు. 1941లో లూసిల్ లాంగ్ అను ఆమెను వివాహమాడెను. వారికి ఇద్దరు సంతానము కలిగిరి.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. యుద్ధ సమస్యలను గణితముతో పరిష్కరించుటకై కొలంబియాలో గణాంక పరిశోధక బృందమొకటి ఏర్పడెను. అందు వాల్డ్ ముఖ్యుడు. అచ్చట ఆయన చేసిన పనులలో రెండింటిని ఇచ్చట వివరింతును.

మొదటిది మచ్చు చూచు పద్ధతి. అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు మన ఇల్లాలు కుండలోని మెతుకులన్నింటిని పిసికి చూడదు. ఒక్క మెతుకు పట్టి చూచును. అనుమానము తీరకున్న అడుగునుండి మరియొక మెతుకు తీయును. ఇంత సులభమైన యుక్తి కర్మాగారములలో లేకపోయెను. ఫిరంగి గుండ్ల పెట్టె వచ్చినచో ఇన్ని గుండ్లు కాల్చి చూడవలయునని ముందే సంఖ్య నిర్ణయించుచుండిరి. మొదటి కొన్నింటిలోనే సరకు మంచిదో చెడ్డదో తేటతెల్లమైనను, మిగిలిన వానిని కాల్చుట తప్పెడిది కాదు. అనుభవముగల అధికారి యెవ్వడును ఇట్లు వ్యర్థము చేయడని నౌకాదళోద్యోగి ఒకడు అనినాడు. ఆ మాట చేతులు మారి 1943లో వాల్డ్ చెవిని బడినది. ఆయన ఒకటి రెండు దినములు ఆలోచించి దారి దొరికినదని తెలియజేసెను.

ఆ పద్ధతి యేమనగా, ఒక్కొక్క వస్తువును పరీక్షించిన వెంటనే మూడు ప్రశ్నలు వేసికొనవలయును. సరకును స్వీకరింపవచ్చునా? తిరస్కరింపవచ్చునా? లేక ఇంకొకటి తీసి చూడవలయునా? ఎప్పుడు ఆపిన పొరపాటునకు ఎంత అవకాశమున్నదో లెక్కగట్టి, స్వీకరించుటకు ఒక గీతను, తిరస్కరించుటకు ఒక గీతను ఆయన నిర్ణయించెను. ఈ మార్గమున పాత పద్ధతికంటె సగటున సగము పరీక్షలతోనే పని ముగియుట తరచుగా సంభవించును. యుద్ధము ముగియువరకు దీనిని రహస్యముగ నుంచిరి. 1947లో ఆయన దీనిపై గ్రంథము ప్రకటించెను. నూలు కండెలు, పంపుల భాగములు తయారుచేయు కోయంబత్తూరు వంటి పారిశ్రామిక నగరమున దీని విలువ బోధపరచుట కష్టము కాదు. ఒక్కొక్కటిగా పరీక్షించుకొనుచు తగిన చోట ఆపుట యను ఈ ఆలోచన మందుల పరీక్షలలో సైతము ప్రవేశించినది.

రెండవది విమానముల లెక్క. శత్రుదేశముపై బాంబులు వేయబోయిన విమానములు తూట్లు పడి తిరిగివచ్చుచుండెను. కొన్ని తిరిగి రాకుండెను. విమానమునకు ఉక్కు కవచము తొడిగిన రక్షణ పెరుగును. కాని బరువు కూడ పెరుగును. అంతట తొడుగుట సాధ్యము కాదు. ఎచ్చట తొడుగవలయును? తిరిగివచ్చిన విమానములను చూచినచో తూట్లు కొన్ని భాగములలో ఎక్కువగాను, ఇంజను వంటి భాగములలో తక్కువగాను కనబడును. ఎక్కువ తూట్లున్నచోటనే కవచము వేయవలయునని సామాన్యునకు తోచును. వాల్డ్ ఆలోచన దీనికి విపరీతము. గుండ్లు గురిపెట్టి తగిలినవి కావు. కనుక విమానమంతటను సమముగనే తగిలియుండవలయును. తిరిగివచ్చిన వానిలో ఇంజనుపై దెబ్బలు తక్కువగ నున్నవన్నచో, అచ్చట దెబ్బ తగిలినవి తిరిగి రాలేదని అర్థము. తూట్లతో వచ్చిన విమానము, ఆ భాగమున దెబ్బ తిన్నను బ్రతుకవచ్చునని సాక్ష్యము చెప్పుచున్నది. కాబట్టి తూట్లు కనబడని చోటనే కవచము కావలయును.

ఈ కథ లోకుల నోట కొంత రంగు పులుముకొన్నది. ఎర్రచుక్కలు పెట్టిన విమానపు బొమ్మ నేడు ఎల్లయెడల కనబడును గాని, అది ఆయన గీసినది కాదు. 1943లో ఆయన వ్రాసినవి ఎనిమిది పత్రములు. అందున్నది గణితము. ఒక ఉదాహరణ చూడుడు. 400 విమానములు వెళ్లినవనుకొందము. 320 దెబ్బ తగులక తిరిగి వచ్చెను. 32 ఒక్క దెబ్బతోను, 20 రెండు దెబ్బలతోను, 4 మూడు దెబ్బలతోను, 2 నాలుగు దెబ్బలతోను, 2 అయిదు దెబ్బలతోను వచ్చెను. మొత్తము 380. రానివి 20. ఆ 20 విమానములకు ఎన్ని దెబ్బలు తగిలెనో చూచినవారు లేరు. అయినను దెబ్బ తగులని విమానము కూలదనియు, ఒక్కొక్క దెబ్బవలన కలుగు అపాయము ఒక్కటియేననియు అనుకొన్నచో, దెబ్బ తగిలిన విమానము దానికి తట్టుకొని నిలుచు అవకాశము నూటికి 85 అని ఆ అంకెలనుండియే తేలును. ఎవ్వరును చూడని 20 విమానముల గాథను కంటబడిన 380 విమానములచేత చెప్పించుట ఇట్టిది! ఈ పత్రములు చాలకాలము కాగితపు కట్టలలో నుండి 1980లో పునర్ముద్రితములయ్యెను. వాల్డ్ అప్పటికి గతించి 30 సంవత్సరములు.

యుద్ధానంతరము 1946లో కొలంబియాలో గణాంకశాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడగా వాల్డ్ దానికి అధ్యక్షుడయ్యెను. 1948లో అమెరికా గణిత గణాంకశాస్త్ర సంస్థకు అధ్యక్షుడుగ ఎన్నికయ్యెను. 1950లో ఆయన ప్రధాన గ్రంథము వెలువడెను. విషయము పూర్తిగ తెలియనప్పుడు కూడ మనుష్యుడు ఏదో ఒక నిర్ణయము చేయక తప్పదు. ప్రతి నిర్ణయమునకు పొరపాటు వలన నష్టముండును. ఆ నష్టమును లెక్కకు తెచ్చి, ఉన్నంతలో మేలైన నిర్ణయమును ఎంచుకొనుటయే గణాంకశాస్త్రపు పని. ఇదియే ఆ గ్రంథ సారాంశము.

ఇచ్చట ఒక తెలుగువాని పేరు చెప్పవలయును. ఒక ఊహ నిజమో కాదో పరీక్షించుటకు గణాంకశాస్త్రమున మూడు మార్గములు ప్రసిద్ధములు. ఒకటి నేమన్, పియర్సన్ అనువారి నుండి వచ్చినది. రెండవది 1943లో వాల్డ్ చూపినది. మూడవది 1948లో కల్యంపూడి రాధాకృష్ణారావు చూపినది. 1920లో హడగళిలో జన్మించి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పేరుగాంచిన మన సి. ఆర్. రావు గారే ఆయన. 2023లో, 102 సంవత్సరముల వయస్సున ఆయన పరమపదించిరి. ప్రపంచమున గణాంకశాస్త్రము చదువు విద్యార్థులు వాల్డ్ పేరును, రావు పేరును ప్రక్కప్రక్కనే నేర్చుకొందురు. రొట్టెల అంగడివాని కుమారుడును, తెలుగింటి బిడ్డయు ఒకే పాఠములో కలిసినారు.

అట్టి కాలమున భారతదేశము గణాంకశాస్త్రమునకు పెద్దపీట వేయుచుండెను. మహలనోబిస్ నాయకత్వమున 1950లోనే జాతీయ మచ్చు సర్వే ప్రారంభమయ్యెను. కోట్ల జనుల బ్రతుకుదెరువును కొన్నివేల ఇండ్లను చూచి అంచనా వేయు మహాప్రయత్నమది. భారత ప్రభుత్వ ఆహ్వానమున వాల్డ్ ఉపన్యాసములిచ్చుటకు సతీసమేతుడై మన దేశమునకు వచ్చెను. డిసెంబరు 13వ తేదీన దంపతులు బొంబాయిలో విమానమెక్కిరి. ఆ విమానమే వారి తుదిప్రయాణమునకు సాధనమయ్యెను.

డకోటా యుద్ధకాలమున సామాను మోయుటలో పేరుపొందిన జాతి విమానము. యుద్ధము ముగిసిన వెనుక మిగిలిన డకోటాలు ఎన్నో మన దేశపు కంపెనీల చేతికి వచ్చి ప్రయాణికులను మోయసాగెను. గట్టి విమానమేకాని, నాటి సాధనములు స్వల్పములు. దిక్సూచి, గడియారము, వేగము చూపు ముల్లు, ఎత్తు చూపు ముల్లు, రేడియో. వీని సాయముతో ఎచ్చట ఉన్నామో లెక్కగట్టుకొనుచు పోవలయును. ప్రక్కగాలి గంటకు 20 మైళ్ల వేగముతో వీచి, దానిని లెక్కలోనికి తీసికొనకపోయినచో, గంట ప్రయాణమునకు విమానము 20 మైళ్లు ప్రక్కకు తొలగిపోవును. నేల కనబడుచున్నంతసేపు దిద్దుకొనవచ్చును. మబ్బులో దిద్దుకొనుటకు ఏమున్నది? కోయంబత్తూరు మైదానము సముద్రమట్టమునకు సుమారు 1,350 అడుగుల ఎత్తు. రంగస్వామి శిఖరము సుమారు 5,800 అడుగులు. దొడ్డబెట్ట 8,600 అడుగులకు పైమాట. ఈ రెంటి నడుమ ఉన్న దూరము విమానమునకు కొలది నిమిషముల పని. మైదానముపై ఉన్నామనుకొని దిగనారంభించినవారికి కొండ ఎదురగుటకు చిన్న తప్పు చాలును. ఆనాటి ప్రమాదమునకు మార్గనిర్ణయమందలి తప్పిదమే కారణమని తేలినది. పీలమేడు ఇంక ఎంతో దూరములో లేకుండెను.

న్యూయార్కులో ఇద్దరు బిడ్డలు ఒక్కదినముననే తల్లిని, తండ్రిని కోల్పోయిరి. కుమారుడు రాబర్టుకు అప్పుడు మూడేండ్లు. ఆ బాలుడు పెరిగి రాబర్ట్ వాల్డ్ అను పేర భౌతికశాస్త్రమున ప్రసిద్ధుడై, ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతముపై 1984లో ప్రామాణిక గ్రంథము రచించెను. ఇంటి చదువుతో ఎదిగిన తండ్రి వంశము నీలగిరులలో అంతరింపలేదు.

ఇట్టి ప్రమాదము ఒక్కటియే కాదు. యుద్ధకాలమున 1942 నుండి 1945 వరకు అస్సామునుండి చైనాకు హిమాలయముల మీదుగ సామాను మోసిన విమానములలో దాదాపు 600 నష్టమయ్యెను. మధురవారికి 1971 డిసెంబరు 9 జ్ఞాపకముండును. తిరువనంతపురమునుండి మధురకు వచ్చుచున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆవ్రో విమానము చిన్నమనూరు దగ్గరి కొండలను తాకి కూలగా 21 మంది మరణించిరి. 2016 జూలై 22న తాంబరమునుండి పోర్టుబ్లెయిరుకు బయలుదేరిన వాయుసేన రవాణా విమానము 29 మందితో బంగాళాఖాతముపై అదృశ్యమయ్యెను. అందు విశాఖపట్టణపు ఉద్యోగులును ఉండిరి. 2024 జనవరిలో గాని, 3,400 మీటర్ల లోతున సముద్రగర్భములో, దాని శకలముల జాడ తెలియలేదు. ఏడేండ్లకు పైగా ఆ ఇండ్లవారు అనుభవించిన వేదనను మాటలలో చెప్పుట తరమా?

కూలిన విమానము మాటాడదు. అందుచేతనే ప్రతి ప్రమాదముపై విచారణ జరుపుట, శకలములను ఏరి కూర్చుట, లోపము కనుగొనుట అవసరమైనవి. కొండలను తాకి కూలిన విమానముల లెక్కలను పరిశీలించిన మీదటనే, నేల సమీపించుచున్నదని ముందుగ హెచ్చరించు యంత్రము 1970ల నుండి పెద్ద విమానములలో ప్రవేశించెను. 1990ల నుండి లోకమందలి కొండల ఎత్తులనే తనలో నిలుపుకొన్న మేలురకపు యంత్రములు వచ్చెను. నేడు కోయంబత్తూరులో సుఖముగ దిగు ప్రతి ప్రయాణికుడును, తిరిగిరాని వారికి తెలియకయే ఋణపడియున్నాడు.

ఇక మన సంగతి. విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను, ఆ తరువాతను మన పూర్వులు ఈ దక్షిణదేశమునకు తరలివచ్చిరి. నల్లరేగడి నేలలు దున్నినవారు, మగ్గములు నేసినవారు, సేనలో కొలువు చేసినవారు, వీధులు ఊడ్చినవారు, అందరును ఉండిరి. మన సంచికలలో మిల్లులు స్థాపించినవారి చరిత్రలు, కళాశాలలు కట్టించినవారి చిత్రములు అచ్చగును. అది న్యాయమే. కాని అవి తిరిగివచ్చిన విమానములు. కరవులో పొలము పోగొట్టుకొన్నవారు, మగ్గము మూలబడి కూలికి పోయినవారు, ఇంటి భాష మెల్లమెల్లగ మరచిపోయినవారు మన పుటలలో కనబడరు. వలస వచ్చిన కుటుంబములు ఎట్లు నిలిచినవో తెలియగోరువారు, నిలువలేనివి ఎందుచేత నిలువలేదో కూడ విచారింపవలయును.

ఉగాదినాటి సభకు వచ్చినవారిని చూచి, తెలుగు చక్కగనే ఉన్నదని మన పెద్దలు సంతసింతురు. పద్యములు అప్పగించు పిల్లలకు బహుమతు లిత్తురు. సభకు వచ్చిన కుటుంబమునకు భాషపై మమకారము ముందే కలదు. అచ్చట కనబడు లోపములు, అక్షరదోషములో, ఉచ్చారణ దోషములో, తట్టుకొని బ్రతుకదగిన తూట్లు. సభకు రాని ఇండ్లలో ఏమి జరిగినదో ఎవరు అడిగిరి? బడిలో తెలుగు దొరకలేదా? సభలో తమకు పీట వేయువారు లేరని వెనుదీసిరా? తాము మాటాడు యాసను నలుగురు నవ్వుదురని సిగ్గుపడిరా? కవచము తొడుగవలసిన చోటు అది.

సంఘము ఈ యేడు చేయదగిన పని ఒక్కటి విన్నవింతును. సభ్యుల పట్టికతో పాటు, పది ఇరువది ఏండ్లనాటి పాత పట్టికలను కూడ తీసి, నేడు రాని కుటుంబముల పేర్లు వ్రాసికొని, చందా అడుగుటకు గాక, క్షేమము అడుగుటకు వారి ఇంటికి పోవలయును. వారు చెప్పినది ఓపికతో విని వ్రాసికొనవలయును. తరువాతనే తెలుగు తరగతి ఎచ్చట పెట్టవలయునో, ఎవరికొరకు పెట్టవలయునో నిర్ణయింపవలయును. బడికి పోని ఒక బాలుడు ఇంట నేర్చిన చదువుతో లోకమునకు గురువైనాడు. ఇంట తెలుగు నిలిచియున్నంతకాలము మనకును నిరాశకు తావులేదు.